తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ అధికారి గారికి

మహారాజశ్రీ అధికారి గారి సముఖానికి,

తమరి పేరేమిటో, హోదా ఏమిటో, ఏ ఆఫీసులో కూర్చుంటారో ఊరివాళ్లకు తెలియదు. పంచాయతీలో అడిగితే చావడి రెవెన్యూవాళ్లదన్నారు. రెవెన్యూలో అడిగితే గ్రామకంఠంలో ఉంది కాబట్టి పంచాయతీదేనన్నారు. ఇంజనీరు గారు తలుపు మీది కాగితంపై సంతకం మాత్రమే తనదని, తాళం తనది కాదని సెలవిచ్చారు. అందువల్ల ఈ విన్నపం, తాళంచెవి ఎవరి జేబులో ఉంటే వారికే చేరుతుందని ఆశ.

విషయం: పత్తికొండ వైపున్న ఒక ఊరి చావడికి పోయిన వారం పడిన తాళం.

‘భవనం శిథిలావస్థలో ఉన్నది, లోపలికి ప్రవేశించరాదు’ అని తలుపు మీద కాగితం అంటించారు. ఊరి ప్రాణాల మీద తమరికి ఇంత దయ ఉన్నందుకు ముందుగా దండాలు. చిన్న సందేహం మాత్రం ఉంది. 2024 మే 13న ఓట్లు వేసింది ఈ గదిలోనే. పొద్దున మొదలుకొని చీకటి పడేదాకా సిబ్బంది, ఏజెంట్లు, పోలీసులు, వరస కట్టిన జనం, అందరూ ఈ దూలాల కిందే ఉన్నారు. ఆ రోజు పడని మిద్దె నలుగురు ముసలివాళ్లు పులిజూదం ఆడుకుంటే పడుతుందా? సరే, పడుతుందనే అనుకుందాం. మరి కాగితం అంటించిన మర్నాడే బ్లీచింగు పౌడరు బస్తాలు, చక్రాలూడిన చెత్త రిక్షాలు, పగిలిన కుర్చీలు లోపలికి ఎట్లా చేరాయి? వాటిని మోసుకుపోయిన పారిశుధ్య కార్మికులవి ప్రాణాలు కావా? మనుషులకు పనికిరాని గది బ్లీచింగు బస్తాలకు పనికొచ్చిందా? సిగ్గుండొద్దా?

క్షమించాలి. అర్జీలో రాయకూడని మాట. కొట్టివేత మాత్రం లేదు.

తమరు కొత్తగా వచ్చినవారైతే ఈ గది సంగతి తెలియకపోవచ్చు. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి రాసిచ్చాడు. మన్రో దొర వచ్చి రైతువారీ పద్ధతి పెట్టాడు. రెడ్డి, కరణం శిస్తు లెక్కలు చూసింది ఇలాంటి చావడుల్లోనే. ఆ దొర 1827లో కలరాతో కన్నుమూసిందీ పత్తికొండలోనే. ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నవాళ్లు ఈ సీమలో ఉన్నారు. తమరి పేరుకు ఆ ప్రమాదమేమీ కనిపించడం లేదు.

కరణం లెక్కల పెట్టె ఒక మూల, వీధిబడి ఇంకో మూల. 1950ల మొదట్లో సీమను కరువు పట్టినప్పుడు గంజి కేంద్రాలు నడిచింది ఇలాంటి నీడల్లోనే. తర్వాత పంచాయతీ రేడియో వచ్చింది. పొద్దుగూకితే వార్తలు, పంటల ముచ్చట్లు, వినేవాళ్లకంటే వాదించేవాళ్లు ఎక్కువ. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా టీవీ చూపించే ప్రయోగం చేసినప్పుడు ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లను ఎంచుకున్నారు. అందులో మన రాష్ట్రమూ ఉంది. అప్పుడు కూడా టీవీ పెట్టింది ఎవరి ఇంట్లోనో కాదు, ఊరంతా కూర్చునే చోటే. నాటకాల రిహార్సళ్ల గోల సరేసరి.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దు చేసింది. కొలువులు పోయాయి, కొలువు గది మిగిలింది. అది ఎవరిదో తేలని గొడవకు వయసు నలభై దాటింది.

అట్లాగని చావడి ఒకప్పుడు ధర్మదేవత కొలువని ఎవరూ అనడం లేదు. శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలబెట్టిన కట్ట కూడా అదే. దళితులు మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్లు ఆ ముందర నుంచి పోలేక పక్క సందు పట్టుకుని చుట్టు తిరిగి వెళ్లారు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి, సర్పంచి కుర్చీల్లో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు వాటా పెట్టాక ఆ మెట్లు ఎక్కే కాళ్లు మారాయి. పొదుపు సంఘాల ఆడవాళ్లు నెలనెలా జంబుఖానా పరిచి పుస్తకాలు రాసుకున్నది ఇక్కడే. మొన్నటి నెల వాయిదా లెక్క కూడా ఇక్కడే తేల్చారు. ఈ నెల ఎక్కడ కూర్చోవాలో తమరే చెప్పాలి. కొందరిదిగా ఉన్నన్నాళ్లూ ఆ తలుపుకు తాళం లేదు, అందరిదీ అయ్యాక పడింది. ఊరి మంట అక్కడ.

సచివాలయం ఉంది కదా అంటారేమో. ఉంది, 2019 అక్టోబరు 2న మొదలైన ఏర్పాటు. పింఛను ఆగితేనో, సర్టిఫికెట్టు కావాలంటేనో అక్కడికి పోతారు. చావడికి పనేమీ లేనివాళ్లు పోతారు. రెండింటికీ ఆ తేడా ఉంది. సామాజిక భవనాలకూ కొదవ లేదు. ఎంపీల నిధులు 1993 డిసెంబరులో మొదలైనప్పటి నుంచి కులానికో హాలు, హాలుకో శిలాఫలకం. ఒక హాల్లోకి ఇంకొకరు పోరు. 2011లో రచ్చబండ పేరుతో సర్కారే ఊరూరా షామియానాలు వేసింది. అసలు రచ్చకట్టకు గుప్పెడు మట్టి వేసినవారు లేరు. పంచాయతీ భవనాలకు ఏ రంగు పూయాలన్న తగాదా 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ మిద్దెకు చవుడు ఎవరు తోలాలన్న తగాదా మండలం గడప కూడా దాటలేదు.

వీధిదీపాలు మిట్టమధ్యాహ్నం వెలిగి రాత్రి నిద్రపోవడం, కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో కొళాయికే తెలియకపోవడం ఈ అర్జీలో చేర్చడం లేదు. అవి అలవాటైపోయాయి.

అయ్యా, మిద్దె కారుతున్న మాట నిజమే. ఒక దూలానికి చెదలు పట్టిన మాటా నిజమే. దూలం మార్చి, దంతెలు సరిచేసి, రెండు ట్రాక్టర్ల చవుడు తోలితే మరో తరం నిలుస్తుందని వడ్రంగి చూసి చెప్పాడు. ఖర్చు ఊరే పెట్టుకుంటుంది. చందా రాసిన కాగితం సిద్ధంగా ఉంది, పొదుపు సంఘాలు కూడా తలా ఇంత రాశాయి. సర్కారు నుంచి రూపాయి అడగడం లేదు. ముంగారు వానలు మొదలైతే మాత్రం చేతులెత్తేయాల్సిందే. తడిసిన మట్టి మిద్దె మీదికి మనిషి ఎక్కలేడు, ఆ బరువుకు చెదలు దూలం ఆగదు. అప్పుడు తమరి కాగితం నిజంగానే నిజమవుతుంది.

కాబట్టి దయచేసి బస్తాలు తీయించండి, తాళం తీయించండి. చావడి ఏ శాఖదో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. తాళంచెవి పోయి ఉంటే ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం చేసివ్వండి, మిగతాది ఊరు చూసుకుంటుంది.

ఇట్లు,
చావడి ముందర వీధిలో కూర్చున్నవారు