ఆ అరగంట ఎవరిస్తారు?

చదవడం రాని పిల్లల్ని ఏరి, విడిగా కూర్చోబెట్టి చదివించే పథకాలు ఎన్ని చూశానో లెక్కలేదు. ఎనభైల్లో బ్రిటిష్‌వాళ్ల డబ్బుతో అప్పెప్ వచ్చింది. దాని వెనక డీపెప్. ఆ తర్వాత క్లిప్, క్లాప్స్, లెప్ అని వరసకట్టాయి. లెప్ దగ్గర నేను రిటైరయ్యాను గానీ పథకాలకి రిటైర్మెంటు లేదు కదా! త్రీ ఆర్స్ వచ్చింది, ఢిల్లీ నుంచి 2021లో నిపుణ్ భారత్ దిగింది, తెలంగాణవాళ్లు 2022లో తొలిమెట్టు పెట్టుకున్నారు, ఆంధ్రలో మాకేమో టార్ల్. పేరు మారినప్పుడల్లా ఒక మాడ్యూలు, ఎమ్మార్సీలో శిక్షణ, కారప్పూస, టీ, ఓ కొత్త రిజిస్టరు. పాత రిజిస్టరు బీరువా మీదికెక్కుతుంది.

అప్పెప్ ఆరు సూత్రాలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. పిల్లలందరూ ఒకలా ఉండరు, ఎవరికి తగ్గట్టు వాళ్లకి చెప్పాలి అన్నది అందులో ఒకటి. మా అల్లుడూ ఎస్జీటీనే. ఈమధ్య టార్ల్ శిక్షణకి వెళ్లొచ్చి, "మామయ్యగారూ, తరగతిని బట్టి కాదట, పిల్లాడి స్థాయిని బట్టి చెప్పాలట" అన్నాడు, ఎవరికీ తెలియని రహస్యం మోసుకొచ్చినట్టు. "మా అప్పెప్ పుస్తకం అటక మీద ఉంది, దింపమంటారా?" అన్నాను. అతను ఫోను చూసుకున్నాడు.

మా రోజుల్లో పిల్లల్ని విభజించడానికి ఇంత హంగామా లేదు. సమితి బడి అంటే ఒక పెంకుటిల్లు, ఒక మాస్టారు, ఐదు తరగతులు. పిల్లలు రెండే రకాలు. చదువొచ్చేవాడు ఒకడు, మొద్దు ఒకడు. మొద్దుకి వైద్యం గోడకుర్చీ, తొడపాశం, చింతబరికె. మా తాతగారి కాలంలో అయితే దూలానికి తాడు కట్టి కోదండం వేసేవాళ్లట. అప్పటికీ అక్షరం రాకపోతే తండ్రిని పిలిపించి, "వీడి చేత గేదెలు తోలించుకోవయ్యా, నీకూ ఉపకారం, నాకూ ఉపకారం" అనేవారు మాస్టారు. తండ్రి కూడా దండం పెట్టి తీసుకుపోయేవాడు. ఆ రోజులే బంగారమని మా వయసువాళ్లు కొందరు ఇప్పటికీ రచ్చబండ మీద కూర్చుని అంటుంటారు. అనేవాళ్లంతా ఎక్కాలు గడగడా అప్పజెప్పినవాళ్లే. గేదెల వెంట పోయినవాళ్లని అడిగితే ఏం చెప్పేవాళ్లో!

మా తరగతిలో ఒకడికి పోలియో. రెండు కాళ్లూ రావు. వాళ్లన్న రోజూ వీపున వేసుకుని చెరువుగట్టు మీదుగా తెచ్చేవాడు. తెచ్చి తలుపు పక్కన దించి, తన తరగతి వరసలోకి వెళ్లి కూర్చునేవాడు. అన్న ఐదు పాసై పొరుగూరి హైస్కూలుకి పోయాడు. తమ్ముడి చదువు మూడో తరగతిలో ఆగింది. ప్రభుత్వం తరఫున ఆ పిల్లాడికి అందిన సాయం సున్నా. ఇప్పుడు ఆలింకో క్యాంపు పెట్టి మూడు చక్రాల బండి ఇస్తున్నారు, కాలిపర్లు ఇస్తున్నారు. వెంట తీసుకొచ్చే తల్లికి ఎస్కార్ట్ భత్యమని కొంత సొమ్ము ఉంది. ఎప్పుడు పడుతుందో ఆ తల్లినే అడగాలి. అసలు పోలియోనే లేకుండా పోయింది, 2014లో దేశానికి సర్టిఫికెట్టు వచ్చింది. ఇవన్నీ మంచివి కావని అనేంత ముసలితనం నాకింకా రాలేదు.

కానీ ఆ ఏకోపాధ్యాయ బడిలో ఒక సుఖం ఉండేది, ఎవరూ చెప్పుకోరు. ఐదు తరగతులూ ఒకే గదిలో ఉండేసరికి మూడో తరగతిలో వెనకబడ్డవాడికి రెండో తరగతి పాఠం ఊరికే చెవిన పడేది. వాడు ఎవరికీ తెలియకుండా, పరువు పోకుండా, పోయిన ఏడాది పాఠం మళ్లీ నేర్చుకునేవాడు. ఐదో తరగతివాడు ఒకటో తరగతివాడి చెయ్యి పట్టుకుని దిద్దించేవాడు. ఇప్పుడు దీన్నే గ్రూపులుగా కూర్చోబెట్టి చేయిస్తున్నారు. తేడా ఏమిటంటే, ఏ గ్రూపులో ఎవరున్నారో బడంతటికీ తెలుసు. మూడో గ్రూపు అంటే పిల్లలకి అర్థం కాదనుకుంటారు పెద్దలు. నిక్షేపంగా అర్థమవుతుంది.

మొన్నామధ్య పక్కింటావిడ మనవణ్ణి తీసుకుని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రానికి వెళ్తుంటే తోడు వెళ్లాను. మండలకేంద్రంలో హైస్కూలు ఆవరణలోనే ఓ గది. గోడకి నిలువుటద్దం, పట్టుకుని నడవడానికి రెండు ఇనపరాడ్లు, కింద పరుపు, చాటంత ప్లాస్టిక్ పళ్లెంలో ఏటి ఇసుక. వీడు బుద్ధిమంతుడే, మాటల్లో ఎవరికీ తీసిపోడు. పుస్తకం తెరిస్తే మాత్రం పడవని వడప అంటాడు. బళ్లో అందరూ నవ్వుతారు. ఆ గదిలో టీచరమ్మాయి నవ్వలేదు. ఇసుకలో తన వేలితో ప రాసింది, పక్కనే వ రాసింది. "చూడు నాన్నా, వ రాసేటప్పుడు వేలు పైకి లేవదు, తలకట్టు కూడా అతుక్కునే ఉంటుంది. ప రాసేటప్పుడు ఒకసారి వేలు ఎత్తాలి, తలకట్టు విడిగా పెట్టాలి" అంది. వాడు వేలు ఎత్తాడు, దించాడు, నోటితో ప అన్నాడు. చెరిపింది. మళ్లీ రాయించింది. ముప్ఫై అయిదేళ్లు పలక పట్టించినవాణ్ణి, ఇంత తేలిగ్గా ఆ రెండక్షరాలూ విడదీసి చెప్పినవాళ్లని నేను చూడలేదు.

"ఇది మల్టీసెన్సరీ మెథడ్ మాస్టారూ. కన్ను, చెవి, వేలు మూడూ ఒకేసారి పనిచేస్తాయి" అంది.

ఇసుకలో ఓనమాలు దిద్దుతూ పైకి అనడం మా వీధిబడి పద్ధతేనమ్మా అన్నాను. ఇసుకరాతనీ, పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పడాన్నీ మద్రాసు దగ్గర ఓ వీధిబడిలో చూసి, ఎగ్మూరులో తన అనాథ పిల్లల బడిలో పెట్టుకుని, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు ఆండ్రూ బెల్ అనే దొర. దానికి వాళ్లు మద్రాసు పద్ధతి అని పేరు కూడా పెట్టుకున్నారు. మన ఇసుక అక్కడిదాకా పోయి, ఇంగ్లీషు పేరుతో మన భవితకి తిరిగొచ్చింది. అయితే ఆ వీధిబడి పంతులుకి లేనిది ఈ అమ్మాయికి ఒకటి ఉంది. చేతిలో బెత్తం లేదు, ఒక్క పిల్లాడి పక్కన కూర్చునే ఓపిక ఉంది.

ఓపిక ఉంది గానీ టైము ఎక్కడిది? పదో నిమిషంలో ఫోను మోగింది. హాజరు అప్‌లోడ్ కాలేదట. ఇంకాసేపటికి కార్యక్రమం ఫొటో పంపమని గ్రూపులో మెసేజ్. ఫొటోకి వాణ్ణి అద్దం ముందు నిలబెట్టి, ఇసుకపళ్లెం చేతికిచ్చారు. ఆ అమ్మాయి రేపు ఇక్కడ ఉండదు. మంచం దిగలేని పిల్లల ఇళ్లకి వెళ్లాలి, తర్వాత బడులు చూడాలి. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి ఏడాదికోసారి రెన్యువల్ భయం ఒకటి. మిగతా రోజులు వీడు మామూలు బళ్లోనే ఉంటాడు. అక్కడ క్లాసు టీచర్ని అడిగితే ఏమన్నారో తెలుసా? "వాడు భవిత పిల్లాడండీ" అన్నారు. అంటే తన పిల్లాడు కాదన్నమాట. వెనక కూర్చోబెట్టి బొమ్మకి రంగులు వేసుకోమంటున్నారు. మా మాస్టారు వీణ్ణి మొద్దు అని ఉండేవారు, రెండు తగిలించి ఉండేవారు, ఆ పాపం ఆయనదే. కానీ వాడు వేరేవాళ్ల పిల్లాడని మాత్రం ఆయన నోట వచ్చేది కాదు.

ఇక సర్టిఫికెట్టు సంగతి. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. చదవడంలో, రాయడంలో ఉండే ఇబ్బంది కూడా అందులో చేరింది, సంతోషం. అయితే దానికి సర్టిఫికెట్టు ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలని 2018లో నిబంధన పెట్టారు. మళ్లీ పద్నాలుగో ఏట ఒకసారి, పద్దెనిమిదో ఏట ఒకసారి పరీక్ష అన్నారు. ఎనిమిదేళ్లంటే మూడో తరగతి. అప్పటికే వాడికి తను పనికిరానివాణ్ణని నమ్మకం కుదిరి ఉంటుంది. ఆ సర్టిఫికెట్టుకి సదరం స్లాటు దొరకాలి, ఏరియా ఆసుపత్రిలో క్యూ కట్టాలి. ఎన్‌సీఈఆర్‌టీవాళ్లు ప్రశస్త్ అని ఒక యాప్ ఇచ్చారు, అనుమానం ఉన్న పిల్లల్ని టీచరు ముందే గుర్తించడానికి. మా అల్లుడు గుర్తించాడు కూడా. గుర్తించి నొక్కాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆ యాప్‌లో లేదట. పిల్లాణ్ణి ముందు వరసలోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఏ డాక్టరు సంతకమూ అక్కర్లేదయ్యా అన్నాను. నలభైమంది పిల్లలు, రెండు తరగతులు, గుడ్ల లెక్కలతో సహా అన్నీ తనే చూడాలని అతని గోడు. అతనిది అబద్ధమనీ అనలేను.

ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమందికీ ఒక ప్రత్యేక టీచరు ఉండాలని 2022లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేశారు. అందులో ఎస్జీటీలు 1,136. రాష్ట్రంలో మండలాలే ఆరొందల పైచిలుకు. అంటే చిన్నబడుల కోసం మండలానికి ఇద్దరు కూడా రారు. అయినా సరే, ఆ ఒకరిద్దర్నీ ముందు వెయ్యండి. వేసి, ఆ పిల్లాడి పక్కన రోజూ ఓ అరగంట కూర్చోనివ్వండి. ఆ అరగంటా ఫోను ఆఫీసు సొరుగులో ఉండాలి. ఫొటో తప్పదంటే ఎంఈవోగారే వచ్చి తీసుకోవచ్చు. కాకపోతే ఇసుకపళ్లెం పక్కకి పెట్టేదాకా ఆయన వరండాలో కూర్చోవాలి.