చిల్లులే నా అక్షరాలు

అంగుళం వెడల్పున్న కాగితపు చుట్టను నేను. అడ్డంగా ఎనిమిది చిల్లులకు చోటు. చిల్లు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. వాటిలో నేను మోసేది ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ కోసం రాసిన బేసిక్ భాష. 1975 జనవరి 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' అట్ట మీద ఆ యంత్రం బొమ్మ చూసి బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ఉత్సాహంతో ఊగిపోయారు. అసలు యంత్రాన్ని కంటితో చూడకుండానే, హార్వర్డ్‌లోని పీడీపీ-10 కంప్యూటర్ మీద కూర్చుని ఆ బేసిక్‌ను రాసేశారు. దశాంశాల లెక్కల భాగం మాంటీ డేవిడాఫ్‌ది. అతన్ని ఎవరూ తలవరు, కనీసం నేనైనా తలుస్తాను.

అయితే నేను నకలుని. ఆ ఏడాది జూన్‌లో ఆల్టెయిర్ తయారీదారు మిట్స్ కంపెనీ ఊరూరా తిప్పే తన వ్యాన్‌తో వచ్చి పాలో ఆల్టోలోని రిక్కీస్ హయత్ హౌస్ హోటల్లో ప్రదర్శన పెట్టింది. అక్కడ మా అమ్మ టేపు మాయమైంది. ఎవరు తీశారో తెలుసు, చెప్పను. చేతులు మారి అది డాన్ సోకోల్‌కు చేరింది. చకచకా చిల్లులు పొడిచే మెషీన్ ఆయనకు అందుబాటులో ఉండేది. కంప్యూటర్ ఔత్సాహికుల హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ తర్వాతి సమావేశానికి పెట్టెడు టేపులు మోసుకొచ్చాడు. షరతల్లా ఒక్కటే: ఒకటి పట్టుకెళ్లినవాడు రెండు తెచ్చివ్వాలి. పక్కింటికి చెంచాడు తోడు ఇచ్చినంత మాత్రాన మనింట్లో పెరుగుకు లోటు రాదు కదా, నకలు తీసినా అసలుకు అంతే. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ కుర్రాళ్లను దొంగలనే ముందు వాళ్ల కడుపుమంట కూడా వినాలి. ఆల్టెయిర్ 256 బైట్ల మెమరీతో వచ్చేది. బేసిక్ ఎక్కాలంటే కనీసం నాలుగు కే, అంటే నాలుగు కిలోబైట్లు కావాలి. బేసిక్ విడిగా కొంటే 500 డాలర్లు, అంటే ఆల్టెయిర్ కిట్ కంటే ఎక్కువ! మిట్స్ మెమరీ బోర్డులతో కలిపి కొంటే బాగా చవక. ఆ బోర్డులేమో సరిగా పనిచేసేవి కావు. బేసిక్ ఆశ చూపి పనికిరాని బోర్డు అంటగడితే అది వ్యాపారమట!

1976 ఫిబ్రవరి 3న గేట్స్ ఈ ఔత్సాహికులందరికీ బహిరంగ లేఖ రాశాడు. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లు. ఆల్టెయిర్ ఉన్నవాళ్లలో పదో వంతు కూడా బేసిక్ కొనలేదని, వాడిన కంప్యూటర్ సమయం విలువే 40,000 డాలర్లు దాటిందని, రాయల్టీని తమ శ్రమతో లెక్కేస్తే గంటకు రెండు డాలర్లు కూడా గిట్టలేదని వాపోయాడు. హార్వర్డ్ కంప్యూటర్ మీద గడిపిన గంటలకు డబ్బు కట్టిందెవరయ్యా అని ఇటువాళ్లు తిరగబడ్డారు.

గేట్స్ మాటను నేను కొట్టిపారేయను. నాలుగు కేలో ఒక భాషను ఇరికించడం ఆషామాషీ కాదు, ఏ చిల్లు ఎందుకుందో మోసేదాన్ని నాకు తెలుసు. కానీ అందరూ దొంగలే అంటే ఒప్పుకోను. టామ్ పిట్‌మన్ తన టైనీ బేసిక్‌ను ఐదు డాలర్లకు పెడితే జనం బుద్ధిగా డబ్బు పంపారు. లీ-చెన్ వాంగ్ అయితే తన టైనీ బేసిక్ మీద కాపీరైట్‌ను వెక్కిరిస్తూ 'కాపీలెఫ్ట్' అని రాసి ఊరికే వదిలేశాడు.

ఇరుపక్షాలూ ఒప్పుకోని మాట ఒకటుంది. నన్ను ఊరికే పంచిపెట్టినవాళ్లే గేట్స్‌కు జీతం లేని సేల్స్‌మెన్. కుర్రాళ్లకు ఏ బేసిక్ అలవాటైతే అదే ప్రమాణమైంది. తర్వాత కమడోర్, ఆపిల్, రేడియో షాక్, చివరికి ఐబీఎం కూడా ఆ బేసిక్ కోసం గేట్స్, ఆలెన్‌ల కంపెనీ మైక్రోసాఫ్ట్ గడప తొక్కాయి. మధ్యలో, 1977లో మిట్స్‌ను కొన్న పెర్టెక్ ఆ హక్కులు మావేనని వాదించింది. మధ్యవర్తి మైక్రోసాఫ్ట్ పక్షాన తేల్చాడు. 1999 నవంబరులో అమెరికా న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ మైక్రోసాఫ్ట్‌ది గుత్తాధిపత్యమేనని నిర్ధారించినప్పుడు పాత హ్యాకర్లు చాలామంది సంబరపడి ఉంటారు. ఆ గుత్తలో మా క్లబ్బు చాకిరీ వాటా ఎంతో ఎవరూ లెక్కగట్టలేదు.

2025 ఏప్రిల్‌లో, కంపెనీకి యాభయ్యేళ్లు నిండాయని, ఆ బేసిక్ మూలకోడ్‌ను గేట్సే స్వయంగా బయటపెట్టాడు. ఇక నన్ను ఎక్కించుకుంటే ఎవరూ లేఖలు రాయరనుకుంటా. ఎవరికైనా సరదా ఉంటే టెలిటైప్ ఒకటి వెతుక్కోండి. సెకనుకు పది అక్షరాల చొప్పున చదువుతుంది, నాలుగు కేకి ఏడు నిమిషాలు. మధ్యలో ఒక్క చిల్లు తప్పు చదివినా మళ్లీ మొదటి నుంచీ ఎక్కించాల్సిందే.