బాపు ఏ క్యూలో పడాలి?

నేనేం పని చేస్తానో మా బాపుకు చెప్పడం కష్టం. మాదాపూర్‌లో కూర్చుని, కాల్ సెంటర్‌కొచ్చే ఫోను ఏ క్యూలో పడాలో స్క్రిప్టు రాస్తాను. అందులో సగం వేరియబుల్సే. అంటే పేరు రాసిపెట్టిన ఖాళీ డబ్బాలు: భాష, ఊరు, కారణం, ఎంతసేపటి నుంచి ఆగాడు. డబ్బా నిండినదాన్ని బట్టి దారి. ఒకటి నొక్కితే భాష డబ్బాలో తెలుగు పడుతుంది. ఏమీ నొక్కకపోతే ముందే వేసిపెట్టిందే ఉంటుంది. అది చాలాసార్లు రాసినవాడికి వీలైన భాష.

జనగామ వాళ్లతో వచ్చిన చిక్కేమిటంటే, డబ్బాలో వేసింది నిలవదు. బాపు పుట్టింది పోలీస్ యాక్షన్ ఏడాది, 1948లో. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. పెళ్లినాటికి వరంగల్ జిల్లా. 2016 అక్టోబర్ 11 నుంచి జనగామే జిల్లా. మనిషి అరుగు దిగకుండానే మూడు జిల్లాలు తిరిగాడు. ఇక ఫోన్ నంబరును బట్టి ప్రాంతం తేల్చే స్క్రిప్టుకైతే ఆయనది ఇప్పటికీ ఆంధ్రప్రదేశే. రాష్ట్రం విడిపోయింది గానీ టెలికాం సర్కిల్ విడిపోలేదు. ఉద్యమంలో రైలు పట్టాల మీద కూచున్న మనిషికి ఈ సంగతి ఎవరు చెప్తారు? నేనైతే చెప్పను.

మొన్న ఇన్వర్టర్ చెడిపోతే కంపెనీకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో నొక్కమంది రికార్డు గొంతు.

“తేదీ ఎవలు రాసిండ్రు బిడ్డా? మా అవ్వ కలుపు తీయవోయిన్నాడు పుట్టిన.”

“క్షమించండి, మీరిచ్చిన వివరం సరైనది కాదు.”

“కాదంటవా? నేను పుట్టిన్నాడు నువ్వున్నవా ఆడ?”

తప్పులు లెక్కపెట్టడానికి వేరే వేరియబుల్ ఉంటుంది. అది మూడుకు చేరగానే గొంతు ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది.

మా శాఖ పుట్టుకే అనుమానంలో ఉంది లెండి. మనిషి సాయం లేకుండా ఫోను కలిపే యంత్రానికి 1891లో పేటెంటు పొందిన ఆల్మన్ స్ట్రోజర్ అమెరికాలో అంత్యక్రియల వ్యాపారి. ఆపరేటరమ్మ తన గిరాకీనంతా పోటీవాడికి కలుపుతోందన్న కడుపుమంటతోనే ఆ పనికి పూనుకున్నాడని చెప్తారు.

ఇన్వర్టర్‌ను చివరికి సిద్దిపేట రోడ్డులో బ్యాటరీలమ్మే పిలగాడొచ్చి బాగుచేశాడు. “హలో” అనంగనే బాపు గొంతు గుర్తుపట్టాడు.

నిజానికి మా ఇంట్లో రౌటింగ్ అంతా బాపుదే. ఫోను మోగితే “ఏ ఊరు? ఎవరోళ్లు?” రెండే ప్రశ్నలు. పాలకుర్తి వైపు చుట్టాలైతే అమ్మకు. పొలం కౌలు మాటైతే తనే. “సార్, లోన్ ఏమైనా కావాలా?” అని వినబడితే మాత్రం మారుమాట్లాడకుండా ఫోను నా చేతిలో పెడతాడు.

“ఇగో, మీవోడే.”