మాటల లోడు

మా లారీ ఆఫీసు ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని నేనొకసారి చిరగకుండా బయటికి లాగాను. ఆ పాపానికి నన్ను టెక్నికల్ మనిషి కింద జమకట్టేశారు. ఆఫీసు ఫోన్లన్నీ ఇంటర్నెట్ మీదికి మార్చాలని ఓనరు గారికి బుద్ధి పుట్టిన రోజు ఆయన చూపు తిన్నగా నా మీదే వాలింది. "నువ్వు చూసుకోవోయ్, వైర్ల పనేగా!" అన్నారు. నేను రాసేది జమాఖర్చులు. వైరుతో నాకున్న పరిచయం బట్టలారేసుకునేంతే.

ఆఫీసు విజయవాడ ఆటోనగర్‌లో. కింద మేము, పైన వీడియో పాఠాలు చెప్పే కోచింగ్ సెంటరు, ఆ పైన ఒక ఆడిటరు గారు. ముగ్గురికీ కలిపి ఒకటే ఇంటర్నెట్ లైను. నీళ్ల మోటారు బిల్లు పంచుకోవడంలోనే ప్రతి నెలా మాటా మాటా వస్తుంది. ఇప్పుడు మాటల్నే పంచుకోవాలి.

మొదటి పని ఫోన్లు లెక్కపెట్టడం. పుస్తకంలో 16 ఎక్స్‌టెన్షన్లున్నాయి. బల్లల కింద దూరి వెతికితే 15 తేలాయి. 14వ నంబరు కొడితే మోగుతోంది గానీ ఎక్కడ మోగుతోందో తెలియదు. నలుగురం గోడలకు చెవులానించుకుంటూ తిరిగాం. చివరికి గోడౌన్‌లో, క్లెయిము తేలక మూడేళ్లుగా పడున్న బస్తాల వెనక దొరికింది. దుమ్ముకొట్టుకుపోయి ఉంటుందనుకుంటే తళతళా మెరుస్తోంది. పక్కన చుట్టిపెట్టిన చాప, మరచెంబు. గోడ మీద పెన్సిలుతో ఒక నంబరు, దాని కింద "అమ్మాయి, నూజివీడు" అని వంకర అక్షరాలు. మా రాత్రి వాచ్‌మన్ తాత దస్తూరీ. లిస్టులో 14కి ఎదురుగా "తప్పనిసరి" అని రాశాను. ఎందుకో రాయలేదు.

ఇక ఓనరు గారికి చెప్పి ఒప్పించడం. కొటేషన్ తెచ్చిన కుర్రాడు కోడెక్ అన్నాడు, ప్యాకెట్ అన్నాడు. ఓనరు గారు పాల ప్యాకెట్ దగ్గరే ఆగిపోయారు. నేను దాన్ని మా భాషలోకి దించాను.

"పాత ఫోను ఫుల్ లోడండీ. మాట్లాడినంతసేపూ దారి మొత్తం మీదే. మీరు నోరు మూసుకుని కూర్చున్నా ఖాళీ లారీ తిరుగుతూనే ఉంటుంది. నెట్ ఫోను పార్ట్ లోడు. మీ మాటను సెకనుకు 50 పార్సిళ్లుగా కోసి, ఒక్కోదానికీ వే బిల్లు అంటించి పంపుతారు. పార్సిల్‌కి 20 మిల్లీసెకన్ల మాట. సరుకు 160 బైట్లు, అడ్రసు కాగితాలు 40 బైట్లు."

"సరుకు ఇంకాస్త కుక్కి కట్టలేరా?"

"జీ.729 అని ఒక పద్ధతి ఉంది. అందులో సరుకు 20 బైట్లకు దిగుతుంది. అడ్రసు కాగితాలు మాత్రం అవే 40."

"అంటే మామిడికాయల కన్నా బుట్ట బరువు!" ఓనరు గారికి విషయం పూర్తిగా ఎక్కేసింది. "మరి దారిలో పార్సిల్ పోతే?"

"పోయినట్టేనండి, మళ్లీ పంపరు. ఆలస్యంగా చేరినా పారేస్తారు. వెనక మాట కూడా దాటిపోయాక ముందు మాట ముక్క తెచ్చి ఎక్కడ అతికిస్తారు?"

"క్లెయిము?"

"ఉండదండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. క్లెయిముల్లేని ట్రాన్స్‌పోర్టు ఆయన జీవితకాలపు కల. అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

నేనూ లెక్క వేశాను. కుక్కకుండా పంపితే ఒక్కో కాల్‌కి అటూ ఇటూ సుమారు 87 కిలోబిట్లు. మా దగ్గర ఒకేసారి 12 మంది కంటే ఎక్కువ మాట్లాడరు, అంటే ఒక మెగాబిట్ పైన చిల్లర. లైనేమో వంద. వందలో ఒకటి! అందరికీ అల్లం టీ చెప్పాను. నేను బోల్తాపడింది అక్కడే. రోడ్డు వెడల్పు కొలిచాను గానీ రద్దీ చూడలేదు. బెంజి సర్కిల్ వెడల్పే. సాయంత్రం ఆరింటికి అక్కడ స్కూటరు సన్నగా ఉందని ఎవరైనా దారిస్తారా?

ట్రయల్ రోజున పైన కోచింగ్ వాళ్లు వారం పాఠాలన్నీ ఒక్కసారిగా ఎక్కిస్తున్నారు. ఆ పైన ఆడిటరు గారి మనుషులు జీఎస్టీఆర్-3బీ దాఖలు చేస్తున్నారు, అది 20వ తేదీ. ఆ రెండింటి మధ్య మా బుకింగ్ బాబాయ్ గుంటూరులో ఉన్న డ్రైవరుకి ఫోన్ చేశాడు. ఒక మాట ఇక్కణ్ణుంచి అక్కడికి 150 మిల్లీసెకన్లలోపు చేరాలని ఐటీయూ వాళ్ల సిఫారసు. దాటితే ఇద్దరూ ఒకేసారి "హలో" అంటారు, ఒకేసారి ఆగుతారు, బంతిలో కూర్చోమని ఒకరినొకరు బతిమాలుకునే వియ్యంకుల్లా "మీరు చెప్పండి", "లేదు మీరే చెప్పండి" అంటారు. అంతవరకూ జరిగినా బాగుండేది.

బాబాయ్ అన్నది: "కోల్డ్ స్టోరేజీ నిండిపోయింది, మిర్చి అక్కడ దించొద్దు." తెలుగువాడు కాదనేది మాట తోకలో. పంపు, పంపొద్దు. కట్టు, కట్టొద్దు. తల చేరి తోక రాలిందంటే అర్థం తిరగబడుతుంది. ఆ తోకలో ఉన్న పది పన్నెండు పార్సిళ్లు కోచింగ్ వాళ్ల త్రికోణమితి కింద పడిపోయాయి. డ్రైవరుకి చేరింది "దించ..." అతను విధేయుడు. నిండిన కోల్డ్ స్టోరేజీ గేటు ముందు లోడంతా దించేసి, బస్తాల మీద కూర్చుని ఫొటో కూడా పంపాడు.

విరుగుడు లేకపోలేదు. మాటల పార్సిళ్లకు రూటర్లో అంబులెన్సులా ముందు దారి ఇప్పించొచ్చు. అది మన గేటు దాకానే చెల్లుతుంది, బయట రోడ్డు మనది కాదు. పోనీ గేటు దాకా అయినా సర్దుకుందామంటే, ఆ గేటు, అంటే రూటరు, కోచింగ్ సెంటరులో ఉంది. రెండు రోజులు రాయబారం నడిచింది. మా మాటలకు వాళ్లు దారిస్తారు. బదులుగా రికార్డింగ్ వేళల్లో మా లారీలు హారన్ కొట్టవు. ఎల్‌సీఎం, హెచ్‌సీఎఫ్ పాఠంలో మూడుచోట్ల మా హారన్ పడిందట.

కుర్రాడు ఇంకో ఆశ కూడా చూపించాడు. ఆపరేటర్ అక్కర్లేదట, "బుకింగుకు ఒకటి, క్లెయిములకు రెండు నొక్కండి" అని మిషనే చెబుతుందట. అమెరికాలో స్ట్రోజర్ అనే శవపేటికల వ్యాపారి తన బేరాలను ఆపరేటరమ్మ పోటీవాడికి కలిపేస్తోందన్న అనుమానంతోనే ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి కనిపెట్టాడని కథ. 1891లో పేటెంటు కూడా వచ్చింది. మా ఆపరేటర్ మేడమ్ అంతా విని ఒక్కటే అడిగారు.

"రెండు నొక్కినవాళ్లతో ఓనరు గారు ఊళ్లో లేరని ఎవరు చెబుతారు?"

ఓనరు గారు మిషన్ పద్దు తనే కొట్టేశారు.

కరెంటు సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. పాత ఫోనుకు ఎక్స్ఛేంజి నుంచి 48 వోల్టులు తీగలోనే వస్తాయి, ఊరంతా చీకటైనా అది మోగుతుంది. కొత్తవాటికి యూపీఎస్ కావాలి. మాకు ఉంది. దాని మీద ఫ్రిజ్ నడుస్తోంది. అందులో ఓనరు గారి మజ్జిగ ఉంటుంది. ఈ విషయంలో చర్చలు నడుస్తున్నాయి.

ఈలోగా ఓనరు గారి బల్ల మీది పాత ఎర్ర ఫోను లైను తీయించకుండా ఉంచాం. నెట్ పోయిందని నెట్ కంపెనీకి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా. నిన్న అదే మోగింది. బాబాయ్ వాళ్లావిడ.

"ఏమయ్యా, ఆఫీసులో మీ బాబాయికేమైంది? మూడు రోజులైంది, అన్నం పెట్టనా అంటే 'వద్దు, వద్దు, వద్దు' అని ముమ్మారు అరుస్తున్నాడు. నేనేం తప్పు చేశానని?"