మద్దెల పక్షమున నొక మాట

ఆడలేక మద్దెల ఓడన్నదని మనవారు ఆ నర్తకిని తరతరములుగ ఎగతాళి చేయుచున్నారు గాని, అట్లు చేసినవారిలో నొక్కడైనను గొట్టము మూతినుండి మందు పోసి, గుండు దిగగొట్టి, పిస్తోలు కాల్చి చూచినవాడు కాడని నా దృఢవిశ్వాసము. కాల్చి చూచినచో, మద్దెల నిజముగనే ఓడగుటకు ఎన్ని మార్గములు కలవో తెలిసి, ఆమెకు క్షమాపణము చెప్పుకొని యుండెడివారు.

ఈ జ్ఞానము నాకు స్వయంకృషివలన గాక సాంగత్యమువలన నబ్బినది. నేను ఇండియానా రాష్ట్రమున నివసించుటయు, 1933లో వెలసిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ వారి పోటీలు ఆ రాష్ట్రముననే ఫ్రెండ్‌షిప్ అను పల్లెలో జరుగుచుండుటయు, వానిలో పాల్గొనవలెనని మా పొరుగింటి పెద్దమనిషి ముచ్చటపడుటయు, ఈ మూడును కలిసివచ్చినవి. ఆయన పిస్తోలు గొట్టము లోకొలత అర అంగుళము. గుండును అంతయే యుండవలెనని నావంటి అమాయకుడు తలచును. కాని గుండు 0.490 అంగుళములే, దానికి చుట్టు గుడ్డపేలిక మందము 0.015. పేలిక ఇరుప్రక్కల నుండును గనుక మొత్తము 0.520 అయి గొట్టమును మించిపోవును. ఆ మించుటయందే రహస్యమున్నది: అణగిన గుడ్డ గొట్టములోని మెలితిరిగిన గాళ్లను పట్టుకొని, గుండును బొంగరమువలె త్రిప్పుచు వెలికి పంపును.

గుండ్లు ఆయన స్వయముగ పోసికొనును. సీసము మెత్తనిదై యుండవలెను. ఆంటిమొని కలిసిన గట్టి సీసము పనికిరాదు. పోసిన ప్రతి గుండును సున్నితపు త్రాసులో తూచి, 177 గ్రెయినులకు తగ్గినదానిలో గాలిబుడగ దాగియున్నదని తీర్మానించి, మరల కుంపటిపాలు చేయును. పౌనుకు 7000 గ్రెయినులని తెలిసినప్పటినుండి ఆ యింట పంచదారకూడ ఆ లెక్కనే కొలుచుచున్నారని వినికిడి.

పేలికకు ఏ గుడ్డ శ్రేష్ఠమనగా, దిండు గలేబులకు వాడు చారల నూలుగుడ్డ యని అనుభవజ్ఞుల మతము. ఆ యింటి దిండ్లు ఈ మతమునకు సాక్ష్యము పలుకును. ఇక గుడ్డకు పూయు జిడ్డు విషయమున శైవవైష్ణవ వాదములు వెలవెలపోవును: ఆలివునూనె యని యొకరు, తేనెమైనమని యొకరు, గొఱ్ఱెకొవ్వని యొకరు, నోటి ఉమ్మి చాలునని పరమ విరాగి యొకడు. కొవ్వు మాట వచ్చినపుడు, ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు 1857లో మా దేశమున నెంత మంట పుట్టించెనో ఆయనకు సవిస్తరముగ విన్నవించితిని. ఆయన చెవియొగ్గి విని, గంభీరముగ ఆలోచించి, ఆ కొవ్వు వేసవియెండకు కరగెడిదా యని మాత్రమే అడిగెను.

పరీక్షావిధానము ఋషులు మెచ్చదగినది. పిస్తోలును ఇసుకసంచిపై నానించి, ఒకమారు ఒక్క వస్తువునే మార్చుచు, ప్రతి కాల్పునకు నడుమ గొట్టములోని మసిని తుడిచి కాల్చవలెను. పిదప కుళ్లిన గ్రుడ్డు వాసన గొట్టు పొగ విడిపోవువరకు వేచి, అందరును లక్ష్యమువైపు పరుగిడుదురని తలచితిరా? లేదు, మా మిత్రుడు కొలదిదూరము నడిచి, గడ్డిలో వంగి, కాలిపడిన పేలికలను ఏరుకొనును. నడుమ మసిబారి, అంచులు చిరుగక యున్నది ఉత్తమము; నడుమ చిల్లుపడినచో జిడ్డు చాలలేదు, లేదా గుడ్డ పలుచన; గాళ్లవెంట కోసినట్లు చిరిగినచో గొట్టము మూతి పదునెక్కువ. పొగచూరిన ఆ పేలికను వెలుతురునకెత్తి చదువునపుడు ఆయన ముఖమున కనుపించు తన్మయత్వము తాళపత్రములను చదువు పండితులకైన దుర్లభము.

తుదకు ఇసుకసంచిపై గుండ్లన్నియు గుంపుగూడి తగిలెను. సంచి తీసి, ఒంటిచేత పట్టి కాల్చగా, అవే గుండ్లు నలుదిక్కులకు పోయెను. ఇందుకు మా మిత్రుడు తీసిన సిద్ధాంతము: ఈ గుండు సంచికి సరిపడునదే గాని నిలుచువానికి సరిపడదు, కావున 0.495 గుండ్ల మూస తెప్పింపవలెను.

అంతర్జాతీయ పోటీలలో ఇట్టి పిస్తోలును ఒంటిచేత, 25 మీటర్ల దూరమున, 30 నిమిషములలో 13 మారులు కాల్చుదురు. అందు మేలైన 10 మాత్రమే లెక్కకు వచ్చును. తక్కిన మూడింటికి సంజాయిషీ అడుగువారు లేరు. ఐనను మా మిత్రుడు ఆ మూడింటి కారణములు వ్రాయుటకే ప్రత్యేకముగ నొక పుస్తకము పెట్టినాడు. గాలి, తేమ, జిడ్డు, సీసము, దిండుగుడ్డ, అన్నియు అందు పేరుపేరున నమోదైనవి. చేయి యను మాట మాత్రము ఇంతవరకు ఏ పుటయందును నాకు కనబడలేదు.