ఎం-బుక్కులో చామంతి

మా అపార్టుమెంటులో పొద్దున్నే అయిదున్నరకి బెల్లు మోగితే పాలవాడని ఎవరూ అనుకోరు. పాలవాడు ఆరింటికి వస్తాడు. అయిదున్నరకి వచ్చేది పై అంతస్తు బాబాయ్ గారు. బనియను, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పంచె, చేతిలో చిన్న ప్లాస్టిక్ బకెట్టు.

"అబ్బాయ్, నిన్నటి టీ పిప్పి ఉంచారా, పారబోశారా?"

పారబోశామంటే ఇంక్రిమెంటు ఆగిపోయిన గుమస్తాలా మొహం పెడతారు. అందుకని మేం పారబొయ్యం. టీ పిప్పితో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా గుడ్డు పెంకులతోనే. వాళ్ళది నిష్ఠగల ఇల్లు. కార్తీకంలో ఉల్లిపాయ కూడా ఆ గుమ్మం తొక్కదు. కాబట్టి ఆయన ఆ మాట నోటితో అనరు. మెట్లవైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి, "కాల్షియం ఏమైనా ఉందా?" అంటారు. మా ఆవిడ పొట్లం కట్టి ఇస్తుంది. దాన్ని టీ పిప్పి అడుగున దాచుకుని పైకి వెళ్ళిపోతారు. మా ఇంట్లో ఆదివారం ఆమ్లెట్టు వెయ్యకపోతే బెంగపడే శాకాహారి లోకంలో ఈయనొక్కరే అయ్యుంటారు.

ఈ పాట్లన్నీ చామంతి కోసం. గులాబీ కాదు, మల్లె కాదు, వంకాయలూ బెండకాయలూ అసలే కాదు. పసుపు చామంతి. మేడ మీద నలభై మూడు కుండీలు, అన్నీ అవే.

బాబాయ్ గారు నీటిపారుదల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ధవళేశ్వరంలో రిటైరయ్యారు. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేసిన చోటు. ఉద్యోగమంతా క్యూసెక్కుల్లో మాట్లాడిన మనిషి ఇప్పుడు చెంబుల్లో మాట్లాడుతున్నారు. కుండీకి రోజూ ఒక చెంబు, ఎండల్లో రెండు, ముసురు పట్టినప్పుడు సున్న. మొదటి ఏడు మాత్రం డెల్టాకి నీళ్ళు వదిలినట్టే వదిలారట. ఆకులు పసుపెక్కి, వేరు కుళ్ళి, పన్నెండు మొక్కలు పోయాయి. ఆ తర్వాత కుండీల అడుగున చిల్లులు పెద్దవి చేసి, పెంకుముక్కలు పరిచి, ఒండ్రుమట్టిలో ఇసుక కలిపి మళ్ళీ మొదలుపెట్టారు. "ముప్ఫయ్ మూడేళ్ళు నీళ్ళు ఎలా పెట్టాలా అనే చూశానోయ్. నీళ్ళు ఎలా పోవాలో ఈ మొక్క నేర్పింది" అని ఒకసారి నాతో అన్నారు. డెల్టాలో మురుగుకాలవల సంగతి తెలిసినవాళ్ళకి ఆ మాటలోని బాధ అర్థమవుతుంది.

ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, కడియంలో. రాజమండ్రిలో కాపురముండి కడియం వెళ్ళకుండా, వెళ్ళి ఉత్తచేతుల్తో తిరిగి రాకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. శీతాకాలంలో కడియపులంక నర్సరీల్లో నల్ల కవర్లలో చామంతులు ఆకు కనపడకుండా పూసి ఉంటాయి. అందరం కొంటాం. ఇంటికి తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, ఫొటో తీసి, బంధువులందరికీ పంపుతాం. మూడు వారాలయ్యేసరికి పూలు మాడతాయి, కాడలు ఎండుతాయి. "మన చేతికి అచ్చిరాలేదు" అనుకుని కవరుతో సహా చెత్తబండిలో వేసేస్తాం. బాబాయ్ గారు నర్సరీ కుర్రాణ్ణి అడిగారట, ఇది ఎన్నాళ్ళు పూస్తుందని. "ఆయ్, పూసినన్నాళ్ళూ పూస్తాదండి. తర్వాత మీ ఇష్టమండి" అన్నాడట.

ఆ 'మీ ఇష్టం' దగ్గర ఈయన పట్టుపట్టారు. పూలయిపోయాక మొక్కని పారెయ్యకుండా జానెడు ఎత్తుకి కోసేసి, నీడపట్టున పెట్టి కనిపెట్టుకుని కూర్చున్నారు. కొన్నాళ్ళకి మోడు చుట్టూ మట్టిలోంచి పిలకలు తలలెత్తాయి. అంతే. చామంతి ఏటేటా చచ్చే మొక్క కాదని, ఏళ్ళతరబడి బతికే మొక్కని, మనమే దానికి తొందరపడి కర్మకాండ చేసేస్తున్నామని ఆయన కనిపెట్టేశారు. అప్పట్నుంచి అపార్టుమెంటులో ఎవరూ వాడిన చామంతిని వదిలించుకోలేరు. చెత్తబుట్ట దగ్గర ఆయన నిలబడి ఉంటారు. "ఇంకా ప్రాణం ఉందండీ" అంటారు, మార్చురీ గుమ్మంలో అన్నట్టు.

ఎండాకాలంలో ఆయన అవస్థ చూడలేం. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతుంటే తల్లిమొక్కల మీద గొడుగులు కట్టి, తాను నెత్తిన తడిగుడ్డ వేసుకుని బజారుకి నడుస్తారు. "ఇంట్లో నాలుగు గొడుగులున్నాయి బాబూ, మాకొక్కటీ లేదు" అని పిన్నిగారు వాపోతారు. తొలకరి పడ్డాక పిలకలు విడదీసి కుండీకొకటి నాటడం, నాలుగు వారాలకి తలలు తుంచడం. ఈ తుంచే రోజు బాబాయ్ గారికి పండగ. గోళ్ళు శుభ్రంగా కడుక్కుని, చిగురుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చిటుక్కుమనిపిస్తారు. నిక్షేపంగా ఎదుగుతున్న మొక్కని అలా ఎందుకు తుంచుతారని అడిగితే ఆయన చెప్పే కారణం ఏ ఉద్యానశాస్త్రంలోనూ దొరకదు. "పైవాడు కదలకుండా కూచుంటే కిందవాడికి ప్రమోషను ఎక్కడిదోయ్? వీణ్ణి తీస్తేనే పక్క కొమ్మలన్నీ లేస్తాయి." ఆయన పై మెట్టయిన ఎస్.ఈ. కాకుండానే రిటైరయ్యారన్న సంగతి అపార్టుమెంటులో అందరికీ తెలుసు. ఆ చిగుళ్ళలో ఎవరి తలలు కనిపిస్తాయో నేను అడగలేదు.

శాస్త్రనామంలో కూడా ఆయనకి సర్వీసు పుస్తకమే కనిపిస్తుంది. 'క్రిసాంథిమమ్' అంటే గ్రీకులో బంగారు పువ్వు. మధ్యలో వృక్షశాస్త్రవేత్తలు ఆ ప్రజాతిని ముక్కలు చేసి, మనం పెంచే చామంతిని 'డెండ్రాంథిమా' అనే మరో ప్రజాతిలోకి పంపేశారు. పూలవ్యాపారులు, తోటమాలులు గగ్గోలు పెట్టారు. చివరికి 1999లో అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ పాత పేరు తిరిగి ఇచ్చేసింది. బాబాయ్ గారి మాటల్లో అయితే, "తప్పుడు బదిలీ చేశారు, అప్పీలు మీద పాత పోస్టు ఇచ్చారు, ఎరియర్సు మాత్రం ఇవ్వలేదు."

పేనుబంక పట్టిన రోజుల్లో ఆయన ఎవరితోనూ మాట్లాడరు. మనవరాలి రంగుల కుంచె పట్టుకుని ఒక్కో చిగురు దులుపుతూ మధ్యాహ్నం భోజనం కూడా మరిచిపోతారు. లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొడతారు. గాలి ఎటు వీస్తోందో చూసుకోరు. రెండో అంతస్తువాళ్ళ వడియాలు ఆ ఏడాది చేదుగా ఎందుకున్నాయో నాకు తెలుసు, వాళ్ళకి ఇప్పటికీ తెలియదు.

జీవామృతం కథ వేరు. ప్రకృతి సేద్యం చెప్పే పాలేకర్ పద్ధతిలో రెండువందల లీటర్ల నీళ్ళకి పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు పంచితం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు పొలంగట్టు మట్టి. ఈయన దాన్ని పదో వంతుకి కుదించి ఇరవై లీటర్ల డ్రమ్ములో కలిపారు. ఎస్టిమేటు ఎక్కడా తప్పలేదు. అయితే శనగపిండి పండక్కని పిన్నిగారు పట్టించి ఉంచిన డబ్బాలోది. వాసన రెండో రోజుకి లిఫ్టులోకి దిగింది, మూడో రోజుకి సంఘం మీటింగులోకి.

ఆ మీటింగులోనే దీపం గొడవ కూడా బయటపడింది. దొంగల భయంతో సంఘంవాళ్ళు మేడ మీద రాత్రంతా వెలిగే ఎల్‌ఈడీ దీపం పెట్టించారు. ఆ ఏడు తూర్పు పిట్టగోడ దగ్గరి పద్ధెనిమిది కుండీల్లో మొగ్గన్నది పడలేదు. పుష్టిగా, పచ్చగా, నడుమెత్తున పెరిగి ఊరుకున్నాయి. వాటర్ ట్యాంకు చాటున చీకట్లో ఉన్నవి మాత్రం విరగబూశాయి. బాబాయ్ గారు లేచి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు, ఎంత ఎదిగినా వేసవిలో పూయని ఒక రకం పొగాకు మొక్క ఎందుకలా మొండికేసిందా అని తలబద్దలు కొట్టుకుని, పూత పగటి నిడివిని బట్టి ఉంటుందని తేల్చారు. "పొగాకండీ! మన ఊళ్ళో 1947లోనే పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు, మనకి తెలియకపోతే ఎవరికి తెలియాలి? చామంతీ అదే బాపతు. పగళ్ళు కురచబడాలి, రాత్రి పొడుగవ్వాలి. ఆ రాత్రి నికరంగా చీకటిగా ఉండాలి. మధ్యలో దీపం వేశారో, దాని లెక్కలో ఆ రాత్రి కొట్టివేత."

"దొంగలొస్తే?" అన్నారు కార్యదర్శి.

"చీకటి పడ్డాక పది పన్నెండు గంటలు ఓపిక పడితేగానీ మొగ్గ రాదండీ."

"దొంగకి పది నిమిషాలు చాలండీ."

తీర్మానం వీగిపోయింది. అయినా ఆయన దీపం మీద రాయి వెయ్యలేదు, ప్రభుత్వోద్యోగి కదా. మర్నాడు అపార్టుమెంటులో అయ్యప్ప దీక్ష తీసుకునేవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి నిరుటి నల్ల పంచెలు సేకరించారు. మరుసటి ఏడు వినాయకచవితి వెళ్ళిందగ్గర్నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి కర్రలు గుచ్చి కుండీల మీద ఆ పంచెలు కప్పడం, పొద్దున్న ఆరింటికి తీయడం. కొత్తగా చేరిన వాచ్‌మన్ ఒక రాత్రి ట్యాంకు మోటారు చూడ్డానికి పైకెళ్ళి, పిట్టగోడ వారగా బారులు తీరి కూర్చున్న నల్లబట్టల స్వాముల్ని చూసి, చేతులు జోడించి "స్వామి శరణం" అని వెనక్కి వెనక్కి మెట్లు దిగాడు. పది రోజులపాటు మేడ మీదికి చెప్పులతో ఎవర్నీ వెళ్ళనివ్వలేదు.

కార్తీకం సగానికి వచ్చేసరికి పద్ధెనిమిదీ పూశాయి. మేడంతా పసుపు ముద్ద. కానీ మొక్కల పిచ్చి పట్టిన ఈ జాతి మనుషుల్లో అసలు గుణం పూసినప్పుడే బయటపడుతుంది. పెంచడం వచ్చు, కోయడం రాదు. ఉద్యోగంలో ఉండగా ఈయన రోజూ నింపింది ఎం-బుక్కు, అంటే పనుల కొలతలు రాసే పుస్తకం. అలాంటిదే ఒకటి ఇప్పుడు పూలకి పెట్టారు. కుండీ నంబరు, మొగ్గలు, విచ్చినవి, వాడినవి, సంతకం. పూజకి నాలుగు ఇవ్వమని పిన్నిగారు అడిగితే, చామంతి ఒక పువ్వు కాదని, చుట్టూ రేకుల్లా కనిపించే ప్రతిదీ ఒక పువ్వేనని, మధ్యలో దిమ్మలా ఉన్నదాన్లో ఇంకా వందల పువ్వులున్నాయని బోధించారు.

"ఇది ఊరు లాంటిదోయ్. కోస్తే ముంపు గ్రామమే."

"ముంపు గ్రామాలకి నోటీసులిచ్చిన చేతులేగా!" అని పిన్నిగారు గేటు దగ్గర పూలావిడ దగ్గర రెండు మూరలు కొనుక్కుని పైకొచ్చారు. ఆ దండలో ఒక పువ్వు రేకులు కాస్త ముద్దగా ఉన్నాయని బాబాయ్ గారు ఆ రకం ఏమిటో కనుక్కోవడానికి మెట్ల మీద పరిగెత్తారు.

పౌర్ణమి మర్నాడు పొద్దున్న అయిదున్నరకి బెల్లు మోగింది. బకెట్టు లేదు. చేతిలో ఎం-బుక్కు.

"పదకొండో నంబరు కుండీలో నిన్న రాత్రి తొమ్మిదింటికి ఇరవై ఆరు. ఇప్పుడు ఇరవై అయిదు."

మా అబ్బాయిని నిద్రలేపి విచారించారు. వాచ్‌మన్ స్వామి మీద ఒట్టేశాడు. నన్ను కూడా ఎగాదిగా చూశారు. ఇంతలో లిఫ్టు తలుపు తెరుచుకుంది. పిన్నిగారు గోదావరి స్నానానికి వెళ్ళి వస్తున్నారు, తడి జుట్టు కొసముడి వేసుకుని. ముడిలో ఒకే ఒక చామంతి, అరచేయంత, పసుపుముద్ద. ఆవిడ మమ్మల్ని చూసీ చూడనట్టు అక్కడే నిలబడ్డారు.

బాబాయ్ గారు దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు ముక్కు మీదికి దింపి చాలాసేపు చూశారు.

"కాడ మరీ పొట్టిగా తుంచావు. ఇంకో రెండాకులు కిందకి కోయాల్సింది."

తర్వాత మా గోడకి ఎం-బుక్కు ఆనించి, జేబులోంచి పెన్ను తీసి, తేదీ వేసి రాశారు. భుజం మీంచి తొంగిచూశాను. 'కుండీ 11: ఒకటి తగ్గుదల. శాఖాపరమైన వినియోగం.' కింద సంతకం పెట్టి, ముద్ర ఉండాల్సిన చోట కాస్త ఖాళీ వదిలారు.