పదాల లెక్క సరే, తిరగరాసిందెంత?

మా రోజుల్లో కథలు రాసేవాణ్ణి "ఈ వారం ఎన్ని పదాలు రాశావు?" అని ఎవరూ అడిగేవారు కాదు. "పంపిన కథ ఏమైంది?" అనేవారు. తిరిగొచ్చిందంటే, "మళ్లీ రాస్తున్నావా మరి?" అనేవారు. అంతే. ఇప్పుడు ఏ రచయితల వాట్సాప్ గ్రూపు చూసినా ఆదివారం సాయంత్రానికల్లా లెక్కలు వచ్చి పడుతున్నాయి. సోమవారం ఐదు వందల పదాలు, మంగళవారం ఏడు వందలు, వారం మొత్తానికి మూడు వేలు. కింద చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. ఆ మూడు వేలల్లో ఎన్ని కొట్టేశారో, ఎన్ని మార్చారో ఒక్కరూ చెప్పరు. అడిగితే నొచ్చుకుంటారు. నా గొడవంతా దీని గురించే.

ఉద్యోగం చేసుకుంటూ కథలు రాయడం మనకు కొత్తేమీ కాదు. తెలుగు కథలో మంచి భాగం అలా పుట్టిందే. రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో వకీలు. పాలగుమ్మి పద్మరాజు గారు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. ఆయన 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ల ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. మధురాంతకం రాజారాం గారు చిత్తూరు జిల్లాలో బడిపంతులు. కాళీపట్నం రామారావు గారూ అంతే, అందుకే జనానికి ఆయన కారా మాస్టారు. వీళ్లెవరికీ రాసుకోవడానికి విడిగా తీరిక దొరకలేదు. ఉన్న కాస్త తీరికలోనే కథను చెక్కుకున్నారు.

నేను డెబ్బైల్లో ట్రెజరీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మాబోటి వాళ్లకు వారమంటే బిల్లులు, చలాన్లు, వాటి మధ్య బుర్రలో తిరిగే ఒక కథ. సాయంత్రం శాఖా గ్రంథాలయానికి పోయి కొత్త వీక్లీ చేతికొచ్చేదాకా బెంచీ మీద వంతు కాచుకునేవాళ్లం. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వీక్లీలు, నెలకోసారి యువ, భారతి. ఎవరు కథ ఎలా ఎత్తుకున్నారు, ఎక్కడ ఆపేశారు అని చూసి చూసి చదివేవాళ్లం. ఆదివారం భోజనాలయ్యాక ఠావులు ముందేసుకుని కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు రెండు మూడు పేజీలు తేలేవి. వచ్చే ఆదివారం చదువుకుంటే వాటిలో ఒక్కటి నిలిచేది. ఒక్క పేజీ నిలిచినా ఆ వారం పని జరిగినట్టే లెక్క.

పంపడం కూడా పెద్ద పనే. ఠావును సగానికి చించి, ఎడమవైపు మార్జిను మడిచి, కాగితానికి ఒకవైపే రాయాలి. కొట్టివేతలు ఉండకూడదు కాబట్టి సాపు ప్రతి తీయాలి. అడుగున కార్బన్ పేపరు పెడితే రెండో ప్రతి మన దగ్గర మిగిలేది. మూలన ట్యాగు కట్టి, చివర హామీపత్రం జతచేయాలి. కథ నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని. దానితోపాటు మన చిరునామా మనమే రాసుకుని, తగినన్ని స్టాంపులంటించిన కవరు ఒకటి. అప్పుడు పోస్టాఫీసుకి వెళ్లి తూకం వేయించడం.

ఈ శ్రమలోనే కథ బాగుపడేది. పది పేజీలు చేత్తో మళ్లీ రాసేవాడికి అక్కర్లేని వాక్యం దగ్గరికి రాగానే చెయ్యి మొరాయించేది. ఇది రాయకపోతే ఏం పోతుంది అనిపించేది. అలా ఎన్నో వాక్యాలు సాపు ప్రతిలోకి రాకుండానే రాలిపోయాయి. ఇప్పుడు రాత్రి పదకొండుకు ముగిసిన కథ పదకొండుంబావుకు లోకం ముందుంటోంది. రాసినవాడే దాన్ని రెండోసారి చదివి ఉండడు.

ఇక తిరుగుటపా సంగతి. మన చేతిరాతతో మన చిరునామా ఉన్న కవరు పోస్ట్‌మాన్ చేతిలో వీధి మొదట్లోనే ఆనవాలు పట్టేవాళ్లం. అతనికీ తెలుసు, పక్కింటివాళ్లకూ తెలుసు. దాచడానికి వీల్లేదు. ఆ పూట అన్నం సహించేది కాదు. రెండ్రోజులు సంపాదకుణ్ణి తిట్టుకుని, మూడోనాడు కవరు విప్పేవాళ్లం. ప్రచురించలేకపోతున్నందుకు విచారిస్తున్నామనే అచ్చు చీటీ చాలాసార్లు ఉండేది. ఎప్పుడో ఒకసారి మాత్రం మార్జినులో రెండు ముక్కలు చేత్తో రాసి ఉండేవి. ఆ రెండు ముక్కలే మాకు బడి, గురువు.

మా ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు ఒక కథ రాశాడు. పింఛను తీసుకోవడానికి వచ్చే ఒక ముసలావిడ కథ. మొదటి రెండు పేజీలు ఊరు, గోదావరి, వాన. మూడో పేజీలో ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి, ఈసారి వేలిముద్ర వెయ్యను, సంతకం పెడతానంటుంది. మనవరాలి దగ్గర కొత్తగా నేర్చుకుంది. రికార్డులో వేలిముద్రే ఉంది కాబట్టి గుమాస్తా ఒప్పుకోడు. ఆఖరి పేజీ నిండా చదువు గురించి, ప్రభుత్వం గురించి ఉపన్యాసం.

కథ తిరిగొచ్చింది. మూడో పేజీ మొదటి వాక్యం పక్కన ఎర్ర సిరాతో 'కథ ఇక్కడ మొదలైంది' అని ఉంది. ఆఖరి పేజీకి అడ్డంగా ఒక గీత. మిత్రుడు ఆ వారమంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం మొదటి రెండు పేజీలు తీసేశాడు. ఆ పై ఆదివారం ఉపన్యాసం తీసేశాడు. ముసలావిడ ఇంకు ప్యాడు మీద బొటనవేలు అద్ది, ముద్ర వేసి, గుమాస్తా చూస్తుండగానే దాని పక్కన తన పేరు కూడా రాసి డబ్బు తీసుకుంటుంది. అక్కడ కథ ఆపేశాడు. వేరే పత్రికకు పంపితే అచ్చయింది. ఆ ఎర్ర గీతలు గీసిన సంపాదకుడెవరో మాకు చివరిదాకా తెలియలేదు. తాను వేసుకోని కథ మీద కూడా ఆయన కాసేపు కూర్చున్నాడు. అలాంటివాళ్లు ఉండబట్టే మాబోటి ఆదివారం రచయితలకు రాయడం పట్టుబడింది.

తిరగరాయడం నామోషీ అనుకునే పిల్లలకు ఒక మాట. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. అచ్చయింది కదా అని ఆయన వదల్లేదు. పెంచి, మార్చి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం చదివేదీ, ఆడేదీ ఆ రెండోదే. చందమామకు వచ్చిన కథల్ని కొడవటిగంటి కుటుంబరావు గారు కూర్చుని తిరగరాసేవారు. పిల్లల కథకే అంత శ్రద్ధ పెట్టారు. కారా మాస్టారు కొన్నేళ్లు రాయడమే ఆపేసి, చదివి, ఆలోచించి మళ్లీ కలం పట్టారు. వారానికిన్ని పదాలని లెక్కవేస్తే ఆ ఏళ్లన్నీ సున్నాలే. ఆ సున్నాల తర్వాతే 'యజ్ఞం' వచ్చింది.

ఈ రోజుల్లో రాసేవాళ్లను రెండు జబ్బులు పట్టి పీడిస్తున్నాయి. ఒకటి తొందర మెప్పు. చదవడానికి పావుగంట పట్టే కథకు ఐదు నిమిషాల్లో 'అద్భుతం', 'కన్నీళ్లు ఆగలేదు' అని వచ్చేస్తుంది. దానికి అలవాటు పడ్డవాడు పత్రిక వద్దంటే తట్టుకోలేడు. అన్నీ ముఠాలు, తెలిసినవాళ్లవే వేసుకుంటారు అంటాడు. ముఠాలు మా రోజుల్లోనూ ఉన్నాయి. ఉన్నా సరే, రచయిత చేతిలో ఉన్నది కథ ఒక్కటే. దాన్ని బాగుచేసుకోవడం ఏ ముఠా ఆపలేదు. కొందరైతే వద్దన్న కథలన్నీ పోగేసి, సొంత డబ్బు పోసి పుస్తకం వేస్తున్నారు. అప్పు చేసి మరీ వేసినవాళ్లను చూశాను. ఆ డబ్బు పోయినందుకు కాదు, సరిచేసుకోవాల్సిన కథలు సరిచేసుకోకుండానే అట్టల మధ్య బిగుసుకుపోయినందుకు నాకు బాధ.

రెండో జబ్బు మౌనం. ఇది రచయితలది కాదు, పత్రికలది. మా మనవరాలు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో కథలు రాస్తుంది. ఈమెయిల్లో పంపిన కథకు నెలలు గడిచినా కబురుండదు. అందిందని లేదు, వద్దని లేదు. ఇన్ని నెలల్లో కబురు రాకపోతే తీసుకోనట్టే అనుకోండని ముందే ఒక వాక్యం రాసి పెడుతున్నారు. ఆ పిల్ల ఆ కథను ఇంకోచోటికి పంపలేదు, మరిచిపోనూ లేదు. మా రోజుల్లో స్టాంపుల ఖర్చు మేం పెట్టుకుంటే సమాధానం వచ్చేది. ఇప్పుడు ఖర్చూ లేదు, సమాధానమూ లేదు. వద్దనిపించుకున్నవాడు నాలుగు రోజులు ఏడ్చి లేస్తాడు. ఏమీ చెప్పకుండా వదిలేసినవాణ్ణి అనుమానం తినేస్తుంది.

పత్రికల కష్టాలు నాకు తెలియనివి కావు. 1924లో పుట్టిన భారతి 1991లో ఆగిపోయింది. వీక్లీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కరోనా కాలం వచ్చి నవ్య, విపుల, చతుర కూడా పోయాయి. ఇప్పుడు చాలాచోట్ల ఆదివారం అనుబంధంలో ఒక కథ, దానికీ వెయ్యి, పదిహేను వందల పదాల కొలత. పనిచేసేవాళ్లు తక్కువ, వచ్చే కథలు ఎక్కువ. ఉత్తరాలు రాయమని ఎవరూ అనడం లేదు. 'అందింది' అని ఒకసారి, 'వద్దు' అని ఒకసారి. ఆ రెండు ముక్కలకు కూడా తీరిక లేదంటే నేను ఒప్పుకోను.

ఈ కాలానికి ఉన్న సౌకర్యాలూ నేను కాదనను. పేరా తీసేస్తే పేజీ అంతా మళ్లీ రాయనక్కర్లేదు. అమెరికాలోని తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన ఈమాట లాంటి పత్రికలు ఎక్కడివాళ్ల కథలైనా చూస్తున్నాయి. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో తెరిచిన కథానిలయం పుణ్యమా అని, మేం గ్రంథాలయాల చుట్టూ తిరిగినా దొరకని పాత కథలు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. ఇన్ని ఉండి కూడా తిరగరాయడానికి బద్ధకిస్తే ఎవర్ని అనాలి?

మేం పాటించిన పద్ధతులు ఇప్పటికీ పనికొస్తాయి. ఒక కథ పోస్టులో ఉండగా ఇంకో కథ బల్ల మీద ఉండాలి, అప్పుడు తిరిగొచ్చినా చెయ్యి ఖాళీగా ఉండదు. వద్దన్న కథను ఆ కోపంలోనే ఇంకో పత్రికకు పంపకూడదు, చించనూకూడదు. రెండు ఆదివారాలు పక్కన పెట్టాలి. తర్వాత మొహమాటం లేని మనిషి ముందు పైకి చదవాలి. వినేవాడు ఎక్కడ దిక్కులు చూశాడో అక్కడ పెన్సిలు గుర్తు పెట్టుకోవాలి. ఆఫీసు అలవాటు కొద్దీ నేనొక రిజిస్టరు పెట్టుకున్నాను. పంపిన తేదీ, పత్రిక పేరు, తిరిగొచ్చిన తేదీ, ఆ పక్కన 'మార్చినది' అని ఒక గడి. ఆ గడి నిండితే తప్ప కథ మళ్లీ కవరులోకి పోలేదు. వారం వారం లెక్క రాసుకోవాలనుకునే పిల్లలు ఆ గడి ఒక్కటి పెట్టుకుంటే చాలు.

సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. వద్దనుకున్న కథకు వద్దని ఒక్క మాట రాయండి, చేతనైతే ఎందుకో ఇంకో మాట రాయండి. ఆదివారాలు కూర్చుని రాసే పిల్లలకు చెప్పేది కూడా ఒక్కటే. వచ్చే ఆదివారం కొత్త కథ జోలికి పోకండి. వద్దన్న పాత కథ తీసి, మొదటి పేజీ నుంచి మళ్లీ రాయండి.